నవలకి పెళ్ళిచూపులు

పెళ్ళి కుదర్చడానికి పేరయ్యగారున్నారు. ఇల్లు అమ్మిపెట్టడానికి బ్రోకరున్నాడు. ఇక జీవితబీమా ఏజెంటు సంగతి చెప్పనే అక్కర్లేదు, వీధిగుమ్మంలో చెప్పులు విప్పకముందే మనకి తెలిసిపోతుంది. కాని, రాసిన నవలకి కూడా ఏజెంటుంటాడనీ, ఆ ఏజెంటుని ఒప్పించడం ఒక్కొక్కసారి పబ్లిషర్ని ఒప్పించడం కన్నా కష్టమనీ చెబితే మన తెలుగు రచయిత్రులు నవ్వుతారు. నవ్వరూ మరి? మన పద్ధతి వేరు. కాగితానికి ఒకవైపే రాసి, తిరుగు టపాకి స్టాంపులంటించిన కవరు జతచేసి, దేవుడికో దణ్ణం పెట్టి వారపత్రిక ఎడిటరుగారికి పంపడం. అదృష్టం బాగుంటే సీరియల్, ఆ తర్వాత పుస్తకం. మధ్యలో ఎవరూ లేరు, పోస్టుమాన్ తప్ప.

ఇంగ్లీషులో రాసేవాళ్ళ లోకం అలా కాదు. లండన్‌లోనూ, న్యూయార్క్‌లోనూ పెద్ద పెద్ద పబ్లిషర్లలో చాలామంది ఏజెంటు ద్వారా రాని నవలని ముట్టుకోనైనా ముట్టుకోరు. మన దేశంలో ఇంగ్లీషు పుస్తకాలు వేసేవాళ్ళు కొందరు నేరుగా పంపినవి కూడా చదువుతారు కాని, ఇక్కడా ఏజెంట్లు వచ్చేశారు. జైపూర్‌లో మీతా కపూర్ 2007లో ‘సియాహీ’ అనే ఏజెన్సీ పెట్టారు. ఇలాంటివి మరికొన్ని ఉన్నాయి.

తెలుగులో రాసుకునేదానివి, నీకెందుకమ్మా ఈ గొడవంతా అంటారా? మా మేనకోడలి వల్ల.

మా అన్నయ్య కూతురు కాకినాడలో ఒక కాలేజీలో ఇంగ్లీషు చెబుతుంది. ఉద్యోగం పర్మనెంటు కాదు, ఏటేటా కాంట్రాక్టు. అన్నయ్య పోయి ఆరేళ్ళయింది. ఇంట్లో తనూ, మా వదినా. పిల్ల నాలుగేళ్ళపాటు రాత్రిళ్ళు కూర్చుని ఇంగ్లీషులో ఒక నవల రాసింది. తెలుగులో రాయకూడదుటే అని నేనడగలేదనుకున్నారా? అడిగాను. “నాకు చదువొచ్చింది ఆ భాషలోనే కదత్తా” అంది. నిజమే, కాన్వెంటులో వేసింది మనమే.

నవల పూర్తయిన దగ్గర్నించీ ఏజెంట్లకి పంపడం మొదలుపెట్టింది. ఇరవై ఆరుమందికి పంపితే, పదకొండుమంది ‘మాకు సరిపడదు’ అని మర్యాదగా రాశారు. మిగిలిన పదిహేనుమందీ ఉలకలేదు, పలకలేదు. “అత్తా, అసలు వాళ్ళకి ఏం కావాలి?” అనడిగింది ఒకరోజు ఫోనులో. గొంతు ఎలాగో ఉంది. నేనా, బి.ఏ. చదివి తెలుగు నవలలు రాసుకునే మనిషిని. అయినా అడిగింది మేనకోడలు. మేనత్త అయ్యుండి నాకేం తెలుసే అనడం బాగుంటుందా? ఆ రోజు నించీ దొరికిందల్లా చదివాను. తెలిసిన మేరకు మీకూ చెబుతాను.

ఈ వృత్తి కొత్తదేం కాదు. 1870 తర్వాత లండన్‌లో ఎ.పి. వాట్ అనే స్కాట్లండు పెద్దమనిషి దీనికి ఒక రూపం ఇచ్చాడు. కిప్లింగ్, కానన్ డాయిల్ వంటివాళ్ళ పుస్తకాల బేరాలు ఆయనే చూసేవాడు. రచయితకి వచ్చినదాంట్లో నూటికి పది రూపాయల లెక్కన పుచ్చుకునేవాడు. ఇప్పుడది మామూలుగా నూటికి పదిహేను, పరదేశపు హక్కులూ అనువాదాలూ అయితే ఇరవై దాకా ఉంటుంది. అంటే పబ్లిషరు రెండు లక్షలు ఇస్తే ఏజెంటుకి ముప్పైవేలు, మనకి లక్షా డెబ్బైవేలు. పబ్లిషరు ఏమీ ఇవ్వకపోతే ఏజెంటుకీ ఏమీ లేదు. ఈ చివరి ముక్క గుర్తుపెట్టుకోండి, దీనితో పనుంది.

అంత సొమ్ము వాళ్ళకెందుకు పొయ్యాలి అని మా వదినకి అనుమానం. అగాథా క్రిస్టీ కథ చెప్పాను. ఆవిడ మొదటి డిటెక్టివ్ నవల కొందరు పబ్లిషర్ల దగ్గర తిరిగి తిరిగి చివరికి 1920లో అచ్చయింది. పుస్తకం వస్తోందన్న సంబరంలో ఆవిడ ఒప్పందం మీద సంతకం చేసేసింది. తర్వాత రాయబోయే మరో అయిదు నవలలు కూడా ఆ పబ్లిషరుకే ముందుగా ఇవ్వాలని అందులో షరతు! అంతా చేసి ఆ మొదటి నవల వల్ల ఆవిడ చేతికొచ్చింది 25 పౌన్లు. తర్వాత ఎడ్మండ్ కార్క్ అనే ఏజెంటు దొరికాడు. కొత్త పబ్లిషరుతో మంచి ఒప్పందం కుదిర్చాడు. 1926లో సంచలనం రేపిన ‘ది మర్డర్ ఆఫ్ రోజర్ ఆక్రాయిడ్’ ఆ కొత్త చోటినించే వచ్చింది. ఆయన దశాబ్దాల పాటు ఆవిడ వ్యవహారాలు చూస్తూనే ఉన్నాడు.

పేరయ్యగారికీ, ఈ ఏజెంటుకీ తేడా అక్కడే. పేరయ్యగారు అటూ ఇటూ పుచ్చుకుంటారు. తాంబూలాలు అయ్యాయంటే గొడుగు తీసుకుని వెళ్ళిపోతారు. తర్వాత పిల్లా పిల్లాడూ ఎలా కాపురం చేసుకుంటారో ఆయనకి అనవసరం. ఏజెంటు పుచ్చుకునేది రచయిత వైపు నించే. కాపురం కూడా చూడాలి. రాయల్టీ లెక్క సరిగ్గా వచ్చిందా, సినిమా హక్కులు ఎవరి దగ్గరున్నాయి, అనువాదానికి ఎవరడిగారు, రెండో నవల ఎంతవరకూ వచ్చింది, అన్నీ ఆ మనిషి తలనొప్పులే. అందుకే అంత ఆచితూచి ఒప్పుకుంటారు. ఏళ్ళ తరబడి ఈ రచయిత తరఫున మాట్లాడగలనా అన్నది వాళ్ళ లెక్క.

సరే, ఇంతకీ ఏం చూస్తారు?

మొట్టమొదటిది, నవల పూర్తయి ఉండాలి. మన సీరియల్ వాళ్ళకి ఇది మింగుడుపడదు. అయిదు వారాలకి సరిపడా చేతిలో ఉంచుకుని, ఆరో వారంలో నాయిక ఏమవుతుందో మనకే తెలియకుండా మొదలుపెట్టిన మహాతల్లులం. అక్కడ అలా కుదరదు. మొదటి నవల అయితే చివరి వాక్యం దాకా రాసి, తిరగరాసి, అప్పుడు ఉత్తరం వెయ్యాలి. సాధారణంగా ఎనభైవేల నించి లక్ష మాటల దాకా ఉంటే పెద్దలకి రాసిన నవలగా ఒప్పుకుంటారు. మూడు లక్షల మాటలు రాశానని గర్వంగా చెబితే, పబ్లిషరుకి కాగితం ఖర్చెంతో వాళ్ళు ముందు అది లెక్కేసుకుంటారు.

రెండోది ఆ ఉత్తరం. ఒక్క పేజీ దాటకూడదు. కథ ఏమిటి, ఎన్ని మాటలు, ఎలాంటి పాఠకులకి, నువ్వెవరు, ఫలానా ఏజెంటుకే ఎందుకు పంపుతున్నావు. ఈ మధ్య వచ్చిన ఏ రెండు పుస్తకాల పక్కన నీ పుస్తకం పెట్టొచ్చో కూడా చెప్పమంటారు. మన వాళ్ళు సంబంధం మాట్లాడుతూ ‘ఫలానా మునసబుగారి వియ్యాలవారు’ అనడంలేదూ, అలాంటిదే. ‘షేక్‌స్పియర్ తర్వాత నేనే’ అంటే పనికిరాదు. ‘మా అమ్మాయి బుద్ధిమంతురాలు’ అని అమ్మాయి తల్లి చెబితే ఎవరు వింటారు? అందుకని ‘నా నవల అద్భుతంగా ఉంటుంది’ అన్న మాట ఉత్తరంలో ఉండకూడదు.

మూడోది మొదటి పేజీలు. ఇంగ్లండులో అయితే సాధారణంగా మూడు అధ్యాయాలు, అమెరికాలో కొందరు అయిదూ పది పేజీలే అడుగుతారు. చదివే మనిషి రోజంతా తన పాత రచయితల పని చూసుకుని, ఇంటికెళ్ళే బస్సులోనో, పడుకోబోయే ముందో ఇవి చదువుతుంది. ఎక్కడ విసుగు పుడితే అక్కడ ఆపేస్తుంది. ‘ముప్పయ్యో పేజీ నించీ కథ అందుకుంటుందండీ’ అంటే అందాకా రావడానికి ఆవిడకి తీరికేదీ? మొదటి పేరాలోనే ఆ గొంతు వినపడాలి. ఇది ఇంకెవరూ ఇలా చెప్పలేరు అనిపించాలి.

నాలుగోది కథాసంగ్రహం. ఇందులో ముగింపు దాచకూడదు. హంతకుడు వంటమనిషి అయితే వంటమనిషే అని రాసెయ్యాలి. ‘సశేషం’ రాసి రాసి చెయ్యి తిరిగిన మనకి ప్రాణం పోయినట్టుంటుంది కాని, కథని నడిపించి ఒడ్డు చేర్చగలదా లేదా అని చూసుకోవడానికే వాళ్ళడిగేది.

అయిదోది, ఇది నాకు తగిన పుస్తకమేనా అన్నది. వంటల పుస్తకాలు చూసే ఏజెంటుకి భూతాల నవల పంపితే ఏం లాభం? మంచి సంబంధమే, కాని శాఖ వేరు! తిప్పి పంపినంత మాత్రాన పుస్తకం చెడ్డదని కాదు. జె.కె. రౌలింగ్ 1995లో మూడు అధ్యాయాలు పంపితే ఒక ఏజెంటు కాదన్నాడు. తర్వాత పంపిన ఆఫీసులో పిల్లల పుస్తకాలు పెద్దగా చేపట్టేవారు కాదు. అందుకని తిరస్కరించిన గుట్టలో పడింది. అక్కడ పనిచేసే బ్రయొనీ ఎవెన్స్ అనే అమ్మాయి ఆ గుట్టలోంచి దాన్ని తీసి చదివింది. మిగతా భాగం తెప్పించమంది. ఆ తర్వాతయినా సుఖంగా జరిగిందా అంటే, పన్నెండుమంది పబ్లిషర్లు వద్దన్నారు. 1996లో బ్లూమ్స్‌బరీ వారు 1,500 పౌన్లకి తీసుకున్నారు. అక్కడ కూడా ఛైర్మనుగారి ఎనిమిదేళ్ళ కూతురు మొదటి అధ్యాయం చదివి, తరువాయి ఇమ్మని పేచీ పెట్టిందని చెబుతారు.

చూశారా? ఆ గుట్టలోంచి తీసిన అమ్మాయి దగ్గర మొదలుపెట్టి, ఛైర్మనుగారింటి చిన్నపిల్ల దాకా, ప్రతి మజిలీలోనూ ఒక మనిషి చదివి, ఇంకో మనిషితో ‘ఇది చదివితీరాలి’ అని చెప్పాల్సొచ్చింది. ఏజెంటు ఎడిటరుతో చెప్పాలి, ఎడిటరు అమ్మకాలవాళ్ళతో చెప్పాలి, వాళ్ళు పుస్తకాల షాపువాడితో చెప్పాలి. షాపులో కొన్న మనిషి పక్కింటావిడతో చెప్పాలి. అరుంధతీ రాయ్ నవల రాతప్రతి 1996లో లండన్‌లోని డేవిడ్ గాడ్విన్‌కి అందితే, ఆయన చదివి విమానమెక్కి ఢిల్లీ వచ్చేశాడు. మరుసటి ఏడాది ఆ నవలకి బుకర్ బహుమతి వచ్చింది. అందరికోసమూ ఏజెంట్లు విమానాలెక్కరు కాని, వాళ్ళు ఎదురుచూసేది అలాంటి పుస్తకం కోసమే. ‘బాగానే ఉంది’ అనిపించేది వాళ్ళకి చాలదు. ఇంకొకరికి చెప్పకుండా ఉండలేకపోవాలి.

ఇవన్నీ మేనకోడలికి పూసగుచ్చినట్టు చెప్పాను. “సరేలే అత్తా, ఇక్కడ ఒకటి కుదిరేలా ఉంది” అంది. ఏమిటని చూస్తే, ఒక ఆసామీ దగ్గర్నించి ఈమెయిలు. నవల అమోఘమట. లండన్‌లో వేయిస్తాడట. చదివి దిద్దడానికీ, పైఖర్చులకీ ముందుగా అరవై అయిదువేలు పంపించాలట. పిల్ల నవల పంపిన మూడోరోజుకే ఈ పొగడ్త! చిత్రం ఏమిటంటే, రెండు పేజీల పొగడ్తలో నవలలోని మనిషి పేరు ఒక్కటీ లేదు.

మా వదినకి ఇంగ్లీషు రాదు. కాని కూతురి మొహం చదవడం వచ్చు. నేను కాకినాడ వెళ్ళేసరికి చేతి గాజులు రెండూ తీసి రుమాల్లో కట్టి పెట్టింది. “ఎందుకొచ్చిన బంగారం, పిల్ల నాలుగేళ్ళు కళ్ళు పోగొట్టుకుని రాసింది. బ్యాంకులో పెట్టి తెద్దాం పద” అంది. అన్నయ్య చేయించిన గాజులవి.

ఇందాక గుర్తుపెట్టుకోమన్న ముక్క ఇక్కడ పనికొచ్చింది. “వదినా, పేరున్న ఏజెంటు ఎవరూ చదవడానికి ముందుగా డబ్బడగరు. పుస్తకం అమ్ముడైతేనే వాళ్ళకి రూపాయి. ముందే పుచ్చుకున్నవాడికి ఇక అమ్మాల్సిన అవసరం ఏముంది?” అన్నాను. అతను ఏయే పుస్తకాలు, ఏ పబ్లిషర్లకి అమ్మాడో చెప్పమని మేనకోడలి చేత రాయించాను. నిజమైన ఏజెంటుకి అది గొప్ప, అడక్కుండానే చెబుతాడు. ఈ పెద్దమనిషి మాత్రం మళ్ళీ జవాబివ్వలేదు. గాజులు చేతికెక్కాయి కాని, పిల్ల ఆ రాత్రి అన్నం తినలేదు. పొగిడిన ఒక్కడూ దొంగే అయితే, ఇక ఆ నవలలో ఏముందని దాని బాధ.

మర్నాడు పొద్దున్న వంటింట్లో వదిన గోంగూర వలుస్తోంది. పిల్ల స్టూలు మీద కూర్చుంది. తను ఏజెంట్లకి పంపిన ఉత్తరం నాకు చదివి వినిపించింది. ప్రపంచీకరణ అంది, అస్తిత్వ వేదన అంది, జ్ఞాపకాల రాజకీయాలు అంది. నాలుగు పేరాలూ చక్కటి ఇంగ్లీషు. కథ ఏమిటో నాకు తెలియలేదు. తెలియలేదని ఎలా చెప్పాలా అని నేను తటపటాయిస్తుంటే, మా వదిన గోంగూర మీంచి తల ఎత్తకుండానే, “ఇంతకీ అందులో ఏముందే?” అంది.

“ఏముంటుందమ్మా! కోనసీమలో ఒకావిడ కూతుర్ని ఎనిమిదేళ్ళప్పుడు తల్లి దగ్గర వదిలేసి, కువైట్‌లో ఇంటిపనికి వెళుతుంది. అక్కణ్ణించి డబ్బంపించి ఇల్లు కట్టిస్తుంది. పదకొండేళ్ళకి తిరిగొస్తే, ఆ కూతురు ఈవిణ్ణి అమ్మా అని పిలవదు. అమ్మమ్మనే అమ్మా అంటుంది.”

వదిన చేతులాగిపోయాయి. “అయ్యో! మరి ఆవిడేం చేసింది?” అంది.

నేను మేనకోడలి వైపు చూశాను. అదీ నా వైపు చూసింది. ఉత్తరం దొరికింది!

ఆ పూటే కూర్చుని మళ్ళీ రాసింది. ప్రపంచీకరణ పోయింది. కువైట్ పోయి వచ్చిన తల్లి మిగిలింది. ఆవిడకేం కావాలి, అడ్డమేమిటి, అది దక్కకపోతే ఏం పోగొట్టుకుంటుంది, ఇంతే. తను పుట్టి పెరిగిన కోనసీమలో అలా వెళ్ళిన ఆడవాళ్ళని చూస్తూ పెరిగానని ఒక్క వాక్యం చేర్చింది. ‘నువ్వెవరు’ అన్నదానికి అది డిగ్రీల కన్నా మంచి జవాబు.

ఈసారి ఎనిమిదిమందికి పంపింది, అదీ ఎవరు ఎలాంటి పుస్తకాలు చేపడతారో చూసుకుని. ఇద్దరు నవల మొత్తం పంపమన్నారు. ఒకావిడ రెండు నెలల తర్వాత వద్దంది కాని, ఎందుకు వద్దో ఒక పేజీ రాసింది. కువైట్ భాగం అరవై పేజీలు సాగిందట, ఆ అమ్మమ్మ గురించి ఇంకా తెలుసుకోవాలనిపించిందట. మేనకోడలు రెండ్రోజులు ఏడిచి, మూడోరోజు ఆ అరవై పేజీలూ ముందేసుకు కూర్చుంది. దిద్దమంటే దిద్దుకునే ఓపిక ఉందా అని కూడా వాళ్ళు చూస్తారు లెండి. రెండో ఆవిడ ఇంకా చదువుతోంది. ఏమంటుందో తెలియదు. కాలేజీ కాంట్రాక్టు మాత్రం ఈ ఏడాదికి మళ్ళీ రాశారు, అదొక నిశ్చింత.

తెలుగులో రాసుకునే మనకి ఇదంతా ఎందుకంటారా? మన పక్కనే ఉన్న కన్నడంలో బాను ముష్తాక్‌గారు ముప్పై ఏళ్ళకి పైగా రాస్తూ వచ్చిన కథల్లోంచి కొన్ని ఏరి, దీపా భాస్తి ఇంగ్లీషు చేస్తే, ఆ ‘హార్ట్ ల్యాంప్’కి 2025లో ఇంటర్నేషనల్ బుకర్ వచ్చింది. 50 వేల పౌన్ల బహుమతి రచయిత్రికీ, అనువాదకురాలికీ చెరిసగం. అవి కర్ణాటక ముస్లిం ఆడవాళ్ళ ఇళ్ళల్లోని కథలు. మన ఇళ్ళల్లో లేవా కథలు? ఏదో ఒకనాడు మన తెలుగు నవలల తరఫున మాట్లాడేవాళ్ళు కూడా రావచ్చు. వచ్చినప్పుడు వాళ్ళు అడిగేదీ ఇదే.

అందాకా, బీరువాలో చీరల కింద నోటుపుస్తకం దాచుకున్నవాళ్ళు మీలో ఎందరో ఉన్నారని నాకు తెలుసు. దాన్ని ఎవరికి పంపాలా అని ఆలోచించే ముందు ఒక పని చెయ్యండి. ఆకుకూర వలుస్తున్న మనిషి ఎవరైనా దొరికితే పక్కన కూర్చుని, మీ కథేమిటో రెండు మాటల్లో చెప్పి చూడండి. చెయ్యి ఆగిందా, పంపించండి. ఆగలేదా, మీరూ నాలుగు ఆకులు వలుస్తూ ఇంకోసారి ఆలోచించండి. కూరయినా తెములుతుంది.